"గ్యాస్ అయిపోయిందండీ!"

మా చిలకలూరిపేటలో ఏసీ చల్లబడట్లేదంటే మెకానిక్ మూత విప్పకముందే అనే మాట "గ్యాస్ అయిపోయిందండీ". మా నాన్నగారు పోయినేడు నింపించారు, ఈ ఏడూ నింపించారు. "ఏటా నింపాలట కదరా" అంటారు.

అయిపోవడానికి అదేమన్నా వంటగ్యాసా మహాప్రభో! మూసేసిన గొట్టాల్లో అదే గ్యాసు తిరుగుతూ ఇంట్లో వేడిని బయటికి మోస్తుంది. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. అది వెతక్కుండా నింపడమంటే, మెమరీ లీకున్న సర్వర్ని రీస్టార్ట్ చేసి "ఫిక్స్ చేశా" అని మెయిల్ కొట్టడమే.

అసలు గ్యాసే తగ్గిందని ఎవరు చూశారు? మొన్న సెలవుల్లో బయటి యూనిట్ చూస్తే రెక్కల నిండా దూది పీచు, దుమ్ము. పత్తి ఊరు మరి! కరెంటు తీసేసి నీళ్ళతో మెల్లగా కడిగా, అంతే.. చల్లబడింది. ముందు ఫిల్టరు, కాయిల్, ఫ్యాను, కెపాసిటర్, వోల్టేజీ చూడాలి. అప్పుడూ కాకపోతే నైట్రోజన్ ఎక్కించి, సబ్బునురగతో అతుకులు చూసి, లీకు మూసి, వాక్యూమ్ పట్టాకే గ్యాసు.. అదీ తూకం వేసి.

డబ్బొక్కటే కాదు, కిలో ఆర్-32 గాల్లో కలిస్తే 675 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే.

తప్పు మనదీ ఉందండోయ్. రెండు గంటలు లీకు వెతికితే "ఏం చేశావని డబ్బులు?" అంటాం. సిలిండర్ కనబడితే కిక్కురుమనకుండా ఇస్తాం!

ఈసారి "అయిపోయింది" అంటే ఒక్కటే అడగండి: "ఎటు పోయింది?"