వైన్స్‌లో దొరకని వైన్

వికారాబాద్‌లో అయినా తాండూరులో అయినా బజారులో నాలుగడుగులు వేస్తే 'వైన్స్' బోర్డు కనిపిస్తుంది. లోపల అమ్మేది మాత్రం విస్కీ, బ్రాందీ, బీరు. ద్రాక్షరసం పులియబెట్టి చేసిన అసలు వైన్ అడిగితే, ఏ మూల అరలోనో ఒకటీ అరా సీసా ఉంటే ఉన్నట్టు. పేరు ఒకరిది, గిరాకీ ఇంకొకరిది!

అందుకే యూరప్‌లో చదివే పిల్లలు సెలవులకు వస్తూ సంచీలో ఓ సీసా పెట్టుకొస్తుంటారు. ఒక్కొక్కరు రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు మరి. అక్కడి సూపర్‌మార్కెట్లలో ఐదు నుంచి పది యూరోలకే మంచి రూబీ పోర్టో, మస్కటో డాస్టీయో వచ్చేస్తుంది. ఇక్కడికొచ్చాక అదే అపురూపమై షోకేసులో బొమ్మల పక్కన చేరుతుంది. దాచేకొద్దీ వైన్ విలువ పెరుగుతుందన్న మాట ఈ చవక సీసాలకు చెల్లదు. మస్కటో ఏడాది రెండేళ్లలోనే పూల వాసన పోగొట్టుకుంటుంది.

తియ్యనివి కాని రెడ్ వైన్ల దగ్గర మొదటి గుక్కకే ముఖం చిట్లించేవారు ఎక్కువ. నాలుక మీద తడి ఆరిపోయినట్టుంటుంది. అది పాడైపోవడం కాదు, వగరు. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి దిగే టానిన్ల పని. నేరేడు పండులో, బాగా మరిగిన టీ డికాక్షన్‌లో ఉండేదీ ఇదే. ఏటా ఉగాది పచ్చడిలో వగరుకు చోటిచ్చే నాలుకకు కొత్తేం కాదు. మాంసం కూర తోడైతే ఆ వగరు మెత్తబడుతుంది. కారం దట్టిస్తే మాత్రం నోరు మరింత మండుతుంది. ఇంకో చిక్కు... రెడ్ వైన్‌ను గది వేడిలో తాగాలని పుస్తకాలు రాస్తాయి. ఆ గది యూరప్‌ది, పద్దెనిమిది డిగ్రీలకు మించదు. తాండూరు మే నెల గది కాదు! అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే తప్పేం లేదు.

ఇక తియ్యటి వైన్ల కిటుకు గీత కార్మికులకు కొత్తగా చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున దించిన ఈత రసం తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ అందులోని చక్కెరను ఈస్ట్ తినేసి ఆల్కహాల్‌గా మారుస్తుంది, రసం కల్లవుతుంది. నీరాగానే ఉంచాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. పోర్చుగల్‌లోని డోరో లోయలో సున్నం బదులు ఘాటైన ద్రాక్ష సారాయి పోస్తారు. రసం సగం పులిసి ఉండగానే ఈస్ట్ చచ్చిపోతుంది, మిగిలిన చక్కెర తీపిగా నిలిచిపోతుంది. అదే పోర్ట్. ఇటలీ మస్కటోను చల్లబరిచి మధ్యలోనే ఆపేస్తారు, అందుకే దాంట్లో ఆల్కహాల్ ఐదారు శాతమే. పోర్ట్‌లో ఇరవై దాకా ఉంటుంది. దాన్ని చిన్న గ్లాసులో పోసేది అందుకే. ఫ్రాన్స్ సోటర్న్‌కైతే ద్రాక్షకు బూజు పట్టాలి! పండులో నీరు ఇగిరి తీపి చిక్కబడుతుంది. ఇది మాత్రం చవక బేరం కాదు.

పక్కన జిలేబీ పెడితే ఏ తియ్యటి వైనైనా పుల్లగా తేలిపోతుంది. వేయించిన జీడిపప్పు, బాదం మేలు. మూత తీసిన రూబీ పోర్ట్ ఫ్రిజ్‌లో రెండు వారాలైనా ఉంటుంది. మస్కటోను రెండు మూడు రోజుల్లో ముగించాల్సిందే.

వీటన్నిటికీ ఊరే పేరు. డోరో లోయకు 1756లోనే సరిహద్దులు గీశారు. సున్నపురాయి నేలల మీద పండే తాండూరు కందిపప్పుకు అలాంటి భౌగోళిక గుర్తింపు 2022లో వచ్చింది. పోర్ట్ సీసా మెడకు నంబరుతో సహా ఓ హామీ చీటీ అతికించి ఉంటుంది, ఎక్కడిదో, అసలుదో కాదో దాన్నిబట్టి తేలిపోతుంది. 2021 జనవరిలో వికారాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో కల్లు తాగి వందమందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. ఏ చెట్టు రసమో, అందులో ఏం కలిసిందో చెప్పే చీటీ ఆ లొట్టికి లేదు.