ముందు గొట్టం చూడండి

బట్టల డ్రయర్ మధ్యమధ్యలో చల్లబడితే హీటింగ్ ఎలిమెంట్ మార్చాలన్న మీ గృహోపకరణాల శీర్షిక సలహా సరికాదు. ఎలిమెంట్ తెగితే సాధారణంగా వేడి అసలే రాదు. వచ్చి పోతోందంటే ముందు అనుమానించాల్సింది గాలి గొట్టాన్నే. అందులో నూగు పేరుకుంటే తేమగాలి బయటికి పోదు, లోపల వేడి హద్దు దాటుతుంది, థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తుంది. చల్లారాక మళ్లీ ఇస్తుంది. గొట్టం శుభ్రం చేయకుండా కొత్త ఎలిమెంట్ వేస్తే డబ్బు దండగ. గోడ బయటి మూత దగ్గర చెయ్యి పెట్టి చూడండి, గాలి బలంగా తగలాలి.

ఇక్కడ అమెరికాలో గ్యాస్ డ్రయర్లూ ఎక్కువే. వాటిలో ఎలిమెంటే ఉండదు, బర్నర్ ఉంటుంది. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరే ప్రమాదం ఉంది. నూగు అంటుకుంటే ఇల్లే కాలుతుంది. దయచేసి సవరణ ప్రచురించండి.

– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ