‘ఏం కాదులే’ అన్నది నేనే

పోయిన వారం ఇంటి ఓనర్ల గురించి రాస్తే మీలో చాలామంది మీ మీ ఓనర్ల కథలు పంపారు. ఇద్దరం కూర్చుని నవ్వుకుంటూ చదివాం. ఈ వారం అంత సరదా సంగతి కాదు. మా ఆవిడని అడిగే రాస్తున్నా. “రాసుకో, కానీ నా కాలి ఫోటో మాత్రం పెట్టకు” అంది.

కిందటేడు ఆషాఢంలో మా అత్తగారు ఖమ్మం నుంచి గోరింటాకు రుబ్బి స్టీలు డబ్బాలో పంపించారు. తను చేతులకీ, పాదాలకీ పెట్టుకుంది. చేతుల మీద కొన్నాళ్లకి వెలిసిపోయింది. ఎడమ మడమ లోపలి వైపు మాత్రం శనగబద్దంత మచ్చ ఒకటి మిగిలిపోయింది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి కాళ్లకి పసుపు రాసుకుంటూ నాకు చూపించింది. “ఇదేంటి, పోవట్లేదు?” అని.

నేను ఫోన్‌లోంచి తలెత్తి ఓ రెండు సెకన్లు చూసి, “ఏం కాదులే, బాగా పండినట్టుంది” అన్నా. గోరింటాకు బాగా పండితే మంచి మొగుడొస్తాడంటారు కదా, ఆ జోకు కూడా వేశా. వినాయక చవితికి మళ్లీ అడిగింది. మళ్లీ అదే మాట. జోకు మాత్రం మానేశా.

దసరా ముందు పెడిక్యూర్‌కి వెళ్తే, పార్లర్‌లో అమ్మాయి ఆ చోట రాయితో రెండుసార్లు రుద్ది ఆగిపోయిందట. “అక్కా, ఇది మురికి కాదు, మరకా కాదు. ఒకసారి డాక్టర్‌కి చూపించుకో” అందట. రెండు డిగ్రీలున్న మొగుడి నోట రాని మాట ఆ అమ్మాయి చెప్పింది.

స్కిన్ డాక్టర్ దగ్గర డెర్మోస్కోప్ అని చిన్న భూతద్దంలాంటిది ఉంటుంది, లైటుతో. దాన్ని మడమకి ఆనించి చాలాసేపు చూశారావిడ. తర్వాత స్క్రీన్ మీద మాకూ చూపించారు. అరికాలి చర్మం దున్నిన చేనులా ఉంటుంది, చాళ్లూ గట్లూ. మచ్చ రంగు చాళ్లలో ఉంటే సాధారణంగా అది మామూలు పుట్టుమచ్చే, గట్ల మీద పరుచుకుంటే అనుమానించాలి అన్నారు. మా నాన్నది మిరపచేను, నాకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. తన మచ్చలో రంగు కొంత చాళ్లలో ఉంది, కొంత గట్ల మీదకి ఎక్కింది. ఒక అంచు నున్నగా ఉంటే ఇంకో అంచు చెదిరిపోయినట్టుంది. “మొత్తం తీసేసి బయాప్సీకి పంపుదాం. మెలనోమా కాదని తేల్చుకోవాలి” అన్నారు.

మెలనోమా అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో వచ్చే క్యాన్సర్. అది ఎండలో మాడిపోయే తెల్లవాళ్ల జబ్బని నా గట్టి నమ్మకం. మన దగ్గర అరుదన్న మాట నిజమే. కానీ మనలాంటి చామనఛాయ వాళ్లకి వచ్చినప్పుడు ఎక్కువగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద వస్తుందట, ఎండ తగలని చోట్లలో. హాస్టల్లో నా మంచం పైన బాబ్ మార్లే పోస్టర్ ఉండేది. ఆయన 1981లో, 36 ఏళ్లకే పోయాడని తెలుసు. కాలి బొటనవేలి గోరు కింద మొదలైన మెలనోమాతో పోయాడని మాత్రం ఆ రోజే తెలిసింది. నాలుగేళ్లు ఆ పోస్టర్ కింద పడుకున్నా.

మచ్చ తీయడం అరగంట పని. తర్వాతే అసలు కష్టం. మడమ మీద కుట్లు, కాలు కింద పెట్టకూడదు. రిపోర్టుకి వారం, పది రోజులు పడుతుందన్నారు. వంట నేనే. స్నానానికి కుర్చీ వేసి, కాలికి పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేసేది నేనే. ఈ పనులన్నీ బాగా చేశా, అందులో నన్ను నేనే మెచ్చుకున్నా కూడా. మా అమ్మ ఫోన్ చేస్తే గాజు పెంకు గుచ్చుకుందని చెప్పాం. “చూసుకుని నడవద్దట్రా?” అని నన్నే తిట్టింది. తేలేదాకా ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్నది తన మాట.

ఎనిమిదో రోజు రాత్రి పదింటికి మెసేజ్ వచ్చింది, రిపోర్టు రెడీ అని. కింద లింకు. ఫారంలో నా నంబరే ఇచ్చాం కాబట్టి నా ఫోన్‌కే వచ్చింది. తను పడుకుంది. నేను బాల్కనీలోకి వెళ్లి ఓపెన్ చేశా.

‘ఎటిపికల్ మెలనోసైటిక్ ప్రొలిఫరేషన్’. దాని కింద, మెలనోమాను పూర్తిగా తోసిపుచ్చలేం, ఐహెచ్‌సి పరీక్ష చేయాలి అని. అవునా కాదా అంటే ఆ రెండూ లేవు అందులో. రాత్రి రెండింటి దాకా గూగుల్ చేశా. ఏ పేజీ తెరిచినా పర్సంటేజీలు, ఎన్నేళ్లు బతికారన్న గ్రాఫులు. జబ్బు ఉందో లేదో తేలని మనిషికి నేను చావుబతుకుల లెక్కలు కట్టేశా.

పొద్దున్నే మొహం కడుక్కుని, కాఫీ కలిపి ఇచ్చి, నవ్వు మొహంతో అన్నా, “ఏం కాదులే.”

తను కప్పు కింద పెట్టింది. “నేనేమీ అడగలేదే. ఏం కాదని ఎందుకంటున్నావ్?”

దొరికిపోయా.

కోపంలో తను అరవదు. మెల్లగా మాట్లాడుతుంది, అది ఇంకా కష్టం. “కాలు నాది. రిపోర్టు నాది. నాకంటే ముందు నువ్వెలా చదువుతావ్?” అంది. నువ్వు కంగారు పడతావని అన్నా. “నేను మూడు నెలల నుంచి కంగారు పడుతూనే ఉన్నా. నువ్వు ఏం కాదులే అన్నప్పుడల్లా అది నాలోపలే పెట్టుకోవాల్సొచ్చింది. ఇంకెవరికి చెప్పుకోను?”

ధైర్యం చెబుతున్నాననుకున్నా ఇన్నాళ్లూ. నిజానికి ఆ మాట నాకు నేను చెప్పుకుంటున్నది. తను భయం గురించి ఒక్క ముక్క మొదలుపెడితే నా గుండె దడదడలాడేది, అందుకని అక్కడే మూత పెట్టేసేవాణ్ని.

ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టా. సలహా ఇవ్వకుండా కూర్చోమంది, కూర్చున్నా. నాకైతే వంట, కవర్లు, రబ్బరు బ్యాండ్ల కంటే ఇదే కష్టమైన పని. చాలాసేపటికి చెప్పింది. “తర్వాత చూద్దాం అనుకున్నవన్నీ లెక్కపెట్టుకుంటున్నా. అరకు వెళ్దామనుకున్నాం. కారు నేర్చుకుంటానన్నా. పిల్లల సంగతి కూడా తర్వాతే అనుకున్నాం కదా.” తనకి 31. నాకు నోటిదాకా వచ్చింది ఆ పాత మాట. మింగేశా. “నాక్కూడా భయంగా ఉంది” అన్నా. తను ఏడ్చింది, నేనూ ఏడ్చా. తర్వాత ఆకలేసి ఉప్మా చేసుకున్నాం. మాడింది. “మాడింది” అని మొహమాటం లేకుండా అంది. ఆ మాట వింటే ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

తర్వాత డాక్టర్ దగ్గరికి ఒక నోట్‌బుక్ తీసుకెళ్లాం. ప్రశ్నలు తను అడగాలి, జవాబులు నేను రాయాలి, అదీ ఒప్పందం. మెలనోమా అయితే ఏంటని సూటిగా అడిగింది. ఎంత లోతుకి దిగిందన్నది మిల్లీమీటర్లలో కొలుస్తారట, దాన్ని బ్రెస్లో లోతు అంటారు. ఒక మిల్లీమీటరు లోపు ఉంటే చాలామందికి సర్జరీతోనే సరిపోతుంది, లోతు పెరిగేకొద్దీ గజ్జల్లోని లింఫ్ గ్రంథులకి పాకిందేమో కూడా చూడాల్సొస్తుంది అన్నారు. రాత్రి రెండింటి దాకా గూగుల్‌లో నాకు దొరకని స్థిమితం ఆ పావుగంటలో దొరికింది. ఏం చూడాలో, ఏ వరసలో చూడాలో తెలిసింది, అంతే.

ఐహెచ్‌సితో పాటు ఇంకో పాథాలజిస్ట్‌కి కూడా చూపించమన్నారు. ఇది చాలామందికి తెలియదు, అందుకే రాస్తున్నా: మన స్లైడ్లు, పారఫిన్ బ్లాక్ అడిగితే ల్యాబ్ వాళ్లు ఇస్తారు, సంతకం పెట్టి తెచ్చుకోవచ్చు. బ్లాక్ అంటే మైనం ముక్క, తీసిన చర్మం అందులో ఉంటుంది. చిన్న జిప్ కవర్లో పెట్టి ఇచ్చారు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎర్రమంజిల్‌లో దిగేదాకా చొక్కా జేబు మీద చెయ్యి తియ్యలేదు. పక్కనున్నాయన నన్ను అనుమానంగా చూశాడు, పర్సులో ఎంత డబ్బుందో అనుకుని ఉంటాడు.

దీపావళి ఆ ఎదురుచూపుల్లోనే వచ్చింది. తను కాలు స్టూలు మీద పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుని చెబుతుంటే నేను దీపాలు పెట్టా. “వంకర, ఇంకొంచెం ఇటు” అంటూనే ఉంది. లింకు వస్తే ఎవరు ఓపెన్ చెయ్యాలో ముందే అనుకున్నాం. ఈసారి తన నంబరిచ్చాం.

పండగైన నాలుగో రోజు వచ్చింది. తనే చదివింది, పైకి, నెమ్మదిగా. మెలనోమా కాదు. అనుమానించదగ్గ కణాలున్న పుట్టుమచ్చ, అంచుల దాకా పూర్తిగా తీసేశారు, ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. రెండోసారి చదివింది. మూడోసారి నన్ను చదవమంది. సాయంత్రం మా అమ్మకీ, అత్తగారికీ గాజు పెంకు అబద్ధం ఒప్పుకున్నాం. ఇద్దరూ నన్నే తిట్టారు.

ఇప్పుడు నెలలో మొదటి ఆదివారం మాకో పని. పక్కన స్కేలు పెట్టి తన అరికాళ్లూ, గోళ్లూ ఫోటోలు తీస్తా, పాతవాటితో పోల్చి చూస్తాం. మచ్చ రెండు సగాలూ ఒకేలా ఉన్నాయా, అంచు చెదిరిందా, రంగు రెండు మూడు రకాలుగా ఉందా, పెన్సిల్ వెనక రబ్బరు కంటే పెద్దదైందా, అన్నిటికంటే ముఖ్యం, పోయిన నెలకీ ఇప్పటికీ మారిందా. గోరు మీద కొత్తగా నల్లచార వచ్చి వెడల్పవుతున్నా, ఆ నలుపు గోరు చుట్టూ ఉన్న చర్మంలోకి పాకినా ఆలస్యం చెయ్యొద్దన్నారు. నా కాళ్లు తను చూస్తుంది. నాకు చక్కిలిగింతలెక్కువ, అదో గోల.

మొన్న ఆషాఢానికి ఖమ్మం నుంచి మళ్లీ స్టీలు డబ్బా వచ్చింది. తను చేతులకి పెట్టుకుని, కాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

“ముందు ఫోటో తియ్యి” అంది.

తీశా, రెండు పాదాలూ. తన చేతులు పండాలి కాబట్టి కాళ్లకి నేనే పెట్టా. కుడి కాలు అయ్యాక ఎడమ కాలు. మడమ దగ్గర, కుట్ల గీత పక్కన చుక్క పెట్టబోతుంటే కాలు వెనక్కి లాక్కుంది.

“అక్కడొద్దు. అక్కడ ఖాళీగా ఉంచు, కనిపించాలి.”