చేతులూపుకుంటూ నడిచే హక్కు

ఈ చలికాలంలో ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ కంబాలకొండకి నడకకి వెళదామని మా ఇంట్లో అనుకున్నారు. "పెద్ద ఎక్కుడేమీ ఉండదు, తేలిక దారి, అమ్మ కూడా రావచ్చు" అన్నాడు మా మరిది. ఆ "తేలిక" అన్న మాట దగ్గర నేనూ, మా తోడికోడలూ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

ఇంతకుముందు మూడుసార్లు వెళ్లాం. మూడుసార్లూ మేమిద్దరం తెల్లవారుజామున నాలుగున్నరకే లేచాం. పులిహోర, పెరుగన్నం, పిల్లలకి వేరే చపాతీలు, పళ్లేలు, చాపలు, అత్తగారి మందులు. మగవాళ్లు ఆరింటికి లేచి "ఇంకా తెమల్లేదా?" అన్నారు. అడవిలో అర కిలోమీటరు నడిచేసరికి మా అత్తగారి మోకాళ్లు పట్టేశాయి. ఆవిడకి తోడుగా మా తోడికోడలు చెట్టు కింద కూర్చుండిపోయింది. మూడుసార్లూ ఆమే. ఆ మలుపు తర్వాత ఏముందో ఆమెకి ఈనాటికీ తెలియదు. కూర్చోమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పనక్కర్లేకుండానే ఆమె కూర్చుండిపోవడం గురించే నా బాధంతా. స్త్రీల శ్రమ గురించి వ్యాసాలు రాసే నేను కూడా మిగిలినవాళ్లతో కలిసి ముందుకి నడిచినదాన్నే.

కంబాలకొండ విశాఖపట్నం అంచున, జాతీయ రహదారి పక్కనే ఉంది. సుమారు 70 చదరపు కిలోమీటర్ల అడవి. 2002లో దాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫానులో చాలా చెట్లు పోయాయి. దుప్పులున్నాయి, చిరుతలూ ఉన్నాయి. పదిమంది డబ్బుతో నడిచే స్థలం. టికెట్టు కొనుక్కుని ఎవరైనా వెళ్లవచ్చు. ఆ "ఎవరైనా"లో స్త్రీలు ఎంతవరకు ఉన్నారన్నదే నా ప్రశ్న.

అడవికి వెళ్లినా వంటిల్లు మనతో రావడం మనకి కొత్త కాదు. కార్తీకమాసంలో వనభోజనాలు చూడండి. ఉసిరిచెట్టు నీడలో ఆడవాళ్లు కూరలు తరుగుతుంటే, అవతల మగవాళ్లు చతుర్ముఖ పారాయణంలో ఉంటారు. సాయంత్రం గిన్నెలు ఎవరు తోముతారో చెప్పక్కర్లేదు. వనానికి వెళ్లామంటే వెళ్లాం, కానీ వనాన్ని చూసిందెవరు?

అందుకే ఈసారి కాగితం, పెన్నూ తీసుకుని అందరినీ కూర్చోబెట్టాను. దారి ఎంత దూరం, ఎన్ని గంటలకి బయల్దేరాలి అన్నవి అయిదు నిమిషాల్లో తేలిపోయాయి. రానూపోనూ మూడు కిలోమీటర్లకి మించకూడదు. మసక వెలుతురులో చిరుతలు తిరుగుతాయి కాబట్టి బాగా తెల్లవారాకే లోపలికి అడుగుపెట్టాలి, ఎండ ముదరకముందే బయటికి రావాలి. పిల్లలు మధ్యలో నడవాలి, ముందుకి పరిగెత్తకూడదు. ఏ దారి తెరిచి ఉందో గేటు దగ్గర అడిగి తెలుసుకోవాలి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోవాలి. ఇవన్నీ ఎవరైనా చెప్పగలిగినవే.

గొడవంతా మిగిలినవాటి దగ్గరే. తిండి సంగతి ముందు తీసుకున్నాం. వండుకుని తీసుకెళ్లవద్దన్నాను. ఎవరి వేరుసెనగ ఉండలు, అరటిపళ్లు వారి సంచిలో. తిరిగి వచ్చాక దారిలో ఇడ్లీ. "పులిహోర లేకుండా ఏం సరదా?" అన్నారు. అన్నం డబ్బాలు తెరిస్తే కోతులు మీదికొస్తాయి, మనం పారేసే మెతుకులు వాటిని చెడగొడతాయి అని చెప్పాను. వన్యప్రాణికి మేలు చేసే నియమం మాకు తెల్లవారుజాము నిద్రని కూడా మిగిల్చింది. ఇంత చక్కటి వాదన ఇన్నాళ్లూ నాకెందుకు తట్టలేదో!

మరుగుదొడ్డి ఎక్కడుంది అన్న ప్రశ్న మగవాళ్ల జాబితాలో లేదు. మనం మాత్రం దాన్నిబట్టే ముందురోజు రాత్రి నుంచి నీళ్లు తగ్గించుకుంటాం. ఎండలో నడిచే మనిషి నీళ్లు తాగకపోవడం ఎంత ప్రమాదమో తెలిసీ చేస్తాం. నెలసరి రోజులైతే అసలు ఇంట్లోనే ఉండిపోతాం. మా అమ్మాయికి పన్నెండేళ్లు. అది ఈ లెక్కలన్నీ అప్పుడే నేర్చేసుకుంది. అడవి మధ్యలో కట్టడాలు వద్దన్న మాట నాకూ సమ్మతమే. కానీ గేటు దగ్గర నీళ్లతో, తలుపు గడియతో శుభ్రంగా ఉండే మరుగుదొడ్డి ఉండాలని, లోపల తిరిగే కాపలా సిబ్బందిలో స్త్రీలు ఉండాలని మన సంఘాలు అడగవలసిన అవసరం ఉంది. నిర్జనమైన దారిలో తాగిన గుంపు ఎదురైతే మనకి చిరుత గుర్తుకు రాదు. ఆ భయానికి జవాబుగా "ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లకండి" అని చెప్పడం చాలా చవకైన పరిష్కారం.

పరిశోధన పని మీద ఉత్తరాంధ్రలో ఒక అడవి అంచు ఊళ్లో ఉన్నప్పుడు, పొద్దున్నే నడకకి వెళితే నెత్తిన కట్టెల మోపుతో ఒకామె ఎదురైంది. ఇరవై కిలోలకి తక్కువుండదు ఆ మోపు. ఆగి, "ఊరికినే నడవడానికొచ్చినారేటమ్మా?" అని అడిగింది. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. నా దగ్గర జవాబు లేకపోయింది. నేను నడుస్తున్న బాట ఆమెలాంటి వాళ్ల పాదాలు వేసినదే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ పర్యాటకానికి అనుమతి ఇవ్వవచ్చంటుంది. 29వ సెక్షన్ అనుమతి లేకుండా అటవీ ఉత్పత్తులు తీయకూడదంటుంది. కాగితం మీద రెండూ సమంజసమే. కానీ నేను విలాసానికి వెళితే సందర్శకురాలిని, ఆమె పొయ్యి కోసం వెళితే నేరస్తురాలు. ఆమెకి గ్యాసు లేదా అంటారు. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఏడాదికి 3 సిలిండర్లు ఉచితమన్నారు. మూడు సిలిండర్లతో ఏడాదంతా ఏ పెద్ద కుటుంబానికి వంట సాగుతుందో వండేవాళ్లని అడగాలి. అడవి నరికేయమని నేననడం లేదు. జింకకి నీడ కావాలి. అయితే అడవిని కాపాడే భారం మొత్తం ఆమె నెత్తిమీద మోపు దగ్గరే మొదలుకావడం న్యాయం కాదు.

ఆమె మోపుతో నడుస్తుంది, మేము క్యారియర్లతో నడుస్తాం. మా బరువు ఆమె బరువుతో పోల్చదగినది కాదని నాకు తెలుసు. అయినా బిందె, బిడ్డ, సంచీ, ఏదో ఒకటి లేకుండా, ఏ పనీ లేకుండా, చేతులూపుకుంటూ మన స్త్రీలు నడిచిన రోజులు ఎన్ని? దీన్ని కూడా హక్కుల జాబితాలో రాసుకోమంటున్నాను.

మా కాగితం మీద చివరి అంశం ఇది: అత్తగారి మోకాళ్లు పట్టేస్తే ఆవిడ దగ్గర ఎవరు కూర్చోవాలి? మా ఆయనా, మరిదీ చెరో గంట అని రాశాను. మరిది ఇంకా ఒప్పుకోలేదు. "నాకెవరి కాపలా అక్కర్లేదు, ఒక పుస్తకం ఇచ్చి పొండి" అంటున్నారు అత్తగారు. మా తోడికోడలు మాత్రం నిన్న సాయంత్రం వెళ్లి బూట్లు కొనుక్కొచ్చుకుంది.