కొండలెక్కే బండికి గాలి తిత్తులా?

"ఆ బండెక్కితే హంసతూలికా తల్పమే వదినా! సెకండ్ హ్యాండులో చవగ్గా వస్తోంది" అని మా మరిది ఒకటే ఊదర. తల్పమైతే హాల్లో వేయించుకోవయ్యా, రాళ్లలో రప్పల్లో ఎందుకూ అంటాను నేను.

ఎయిర్ సస్పెన్షన్ అంటే బ్రహ్మవిద్యేం కాదండీ. చక్రం దగ్గర ఇనప స్ప్రింగుకి బదులు రబ్బరు తిత్తి పెడతారు. కరెంటు కంప్రెసరు దాంట్లో గాలి కొడుతుంది. మీట నొక్కితే బండి పైకి లేస్తుంది, పెద్దవాళ్లు ఎక్కాలంటే కిందికి దిగుతుంది. ముచ్చటగానే ఉంటుంది, కాదనను.

కానీ రబ్బరు రబ్బరే కదా! కుక్కరు గాస్కెట్టు సంగతి మనకి ఒకరు చెప్పాలా? పాతబడితే బిరుసెక్కి పగుళ్లిస్తుంది. ఆవిరి పక్కనుంచి పోతుంది, విజిలు రాదు, గ్యాసు మాత్రం ఖర్చవుతూనే ఉంటుంది. ఇక్కడా అంతే. తిత్తికి సన్నని చిల్లి పడిందా, రాత్రి నిలబెట్టిన బండి తెల్లారేసరికి కూలబడి ఉంటుంది. కారిపోయే గాలిని నింపలేక కంప్రెసరు తిరిగి తిరిగి మాడిపోతుంది. పైగా బురదా ఇసకా తిత్తి మడతల్లో చేరి ఒరుసుకుంటాయి. ఆ బండి తిరగాల్సిందే బురదలోనాయె!

రేంజ్ రోవరు 1970లో పుట్టినప్పుడు నాలుగు చక్రాలకీ చుట్ట స్ప్రింగులే. 1972లో పనామా, కొలంబియాల మధ్య డేరియన్ చిత్తడి అడవిని దాటింది వాటితోనే. గాలి తిత్తులు 1992లో వచ్చాయి. ఆ తర్వాత, తిత్తులు పీకేసి మళ్లీ ఇనప స్ప్రింగులు బిగించే సెట్లు అమ్మడమే ఓ వ్యాపారమైంది. డబ్బిచ్చి కొన్న సుఖాన్ని మళ్లీ డబ్బిచ్చి ఊడబీకించుకుంటున్నారంటే ఇంకేం సాక్ష్యం కావాలి?

"పెద్ద బస్సుల్లో ఉన్నవీ తిత్తులే కదా" అంటాడు మరిది. నిజమే. అక్కడ బ్రేకుల కోసం ఇంజనుతో తిరిగే గట్టి కంప్రెసరు ఎలాగూ ఉంది, రాత్రికి డిపోలో మెకానిక్కూ ఉన్నాడు. అనంతగిరి ఘాట్లో ఎవరున్నారు? మన్యం జీపుకి కమాను పట్టీ విరిగితే డ్రైవరు కర్రముక్క దూర్చి, తాడుతో బిగించి మెల్లగా ఊరు చేరుస్తాడు. తిత్తి పగిలితే కంప్యూటరు తగిలించి చూసే మనిషి రావాలి. అందాకా పిల్లల్ని వేసుకుని ఆ చలిలో కూర్చోవాలి కాబోలు!

మీ ఇంట్లో ఇలాంటి బేరం జరుగుతుంటే కాఫీ ఇచ్చి వంటింట్లోకి వచ్చేయకండి. తిత్తులు ఏ సంవత్సరంలో మార్చారు, నాలుగూ మార్చడానికెంత, ఆ సామాను మన ఊళ్లో దొరుకుతుందా అని అమ్మేవాణ్ణి అక్కడే నిలబడి అడగండి. జవాబు కాగితం మీద రాసిచ్చాకే అడ్వాన్సు!