వాన రాని యేటి విశ్వాసము

పాలమూరు, నల్లగొండ మెట్టసీమలలో వానకై మ్రొక్కనివాడుండడు. వాన కురిసిన దేవుడు, కురియకున్న రాయి అనుట బేరమే గాని విశ్వాసము గాదు. దేవునికి ఇష్టులగుటకు విశ్వాసమే మూలమని చెప్పిన హెబ్రీ పత్రిక, పదునొకండవ అధ్యాయమున రాజ్యములు జయించినవారిని, వాగ్దానఫలము చేతికందకయే గతించినవారిని ఒకే వరుసను నిలిపినది.

ఈ బేరపు శంక కోస్తాలోని ఒంగోలున ఒకప్పుడు బలముగా పొడసూపినది. 1876–78 కరవున బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకమును గుత్తకు గొని వేలమందికి కూలి చూపెను. కూటికై మతము పుచ్చుకొందురేమోయని బాప్తిస్మములు మాత్రము నిలిపివేసెను. పిదప 1878 జూలై 3న ఒక్కనాడే 2,222 మంది, అత్యధికులు మాదిగలు, గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి. క్లౌ జాగ్రత్త మెచ్చదగినదే. కాని ఆకలిగొన్నవాని విశ్వాసమునే శంకింపనేల? కడుపు నిండినవాడు బేరమాడడా?

ఆ మిషను పక్షముననే రష్యానుండి వచ్చిన అబ్రహాము ఫ్రీసెను దంపతులు 1890 ప్రాంతమున నల్లగొండలో పని ప్రారంభించిరి. ఆ సీమ క్రైస్తవునకు పరీక్ష బాప్తిస్మమునాడు గాదు, పైరు మాడిన యేట. అన్నవస్త్రములు లేని సోదరుని వట్టిమాటలతో పంపివేయు విశ్వాసమును యాకోబు పత్రిక నిర్జీవమన్నది. గాదె అడుగంటిన యేట, మిగిలిన నాలుగు గింజలలో పొరుగింటికి పాలు పెట్టునా, లేదా?