చేత్తో చేసిందా, మిషనా?

మా ముందుగదిలో గోడమీద ఒక కోడిపుంజు ఉంది. నేత గుడ్డ మీద దారంతో కుట్టింది. అద్దం బిగించి పెట్టుకున్నాను. ఇంటికి వచ్చినవాళ్లు దగ్గరికెళ్లి చూస్తారు. తోకలో నలుపు కిందినుంచి నీలం, నీలం కిందినుంచి నెమలిపచ్చ తొంగిచూస్తుంటే వేలు పెట్టి తాకబోతారు. అద్దం అడ్డొస్తుంది. ఆ తర్వాత అందరూ అడిగేది ఒకటే: "చేత్తో చేసిందా, మిషనా?"

"మిషన్" అంటాను. "ఓ, మిషనా" అని వెళ్లి కుర్చీలో కూర్చుంటారు. పుంజు సంగతి అక్కడితో సరి.

దాన్ని కుట్టిన అక్క భీమవరంలో మా వీధి చివర ఒక ఇరుకు గదిలో జిగ్‌జాగ్ మిషన్ పెట్టుకుని చాలా ఏళ్లుగా జాకెట్ చేతులకూ చీర అంచులకూ పూలు వేస్తోంది. ఓసారి కేటలాగు మూసేసి, "మీ పెరట్లో తిరుగుతుందే, ఆ పుంజును కుడతావా అక్కా" అని అడిగాను. "పుంజేంటండీ, అది కాకిడేగ" అని ముందు నా మాట దిద్దింది. గోదావరి జిల్లాల్లో పుట్టి, పుంజుల రంగుల పేర్లలో కాకికీ డేగకీ తేడా తెలియకపోవడం నా తప్పే. పది రోజుల తర్వాత గుడ్డ చేతికిచ్చింది. ఎంత ఇమ్మంటావంటే, "రెండు చేతుల జాకెట్‌కి తీసుకునేంత ఇవ్వండి, పని అంతే కదా" అంది. ఎన్ని గంటలు పట్టిందని అడిగాను. "ఏమోనండీ, వంటయ్యాక కూర్చునేదాన్ని."

మిషన్ అనగానే బొమ్మ దానంతటదే పడిపోతుందనుకునే వాళ్లు ఒక్క పూట ఆ గదిలో కూర్చోవాలి. మామూలు కుట్టులో గుడ్డను నడిపేవి సూది కింది పళ్లు. పైనుంచి పాదం నొక్కి పట్టుకుంటుంది. ఈ పనికి ఆ పళ్లను దించేస్తారు, పాదం ఊడదీస్తారు. గుడ్డను రింగులో డప్పు చర్మంలా బిగించి, మిషన్ బల్లకు ఆనేలా తిరగేసి పెడతారు. ఇక దాన్ని నడిపే దిక్కు రెండు చేతులే. మోటారు చేసేదల్లా సూదిని పైకీ కిందికీ ఆడించడం. పెన్సిలును ఒకచోట పాతిపెట్టి, కాగితాన్ని దానికింద తిప్పుతూ బొమ్మ వేయమంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. చేయి ఆగితే దారం ఉండకడుతుంది. తొందరపడితే సూది వంగి పుటుక్కుమంటుంది. జిగ్‌జాగ్ మిషన్‌లో కుట్టు వెడల్పును మోకాలితో తోసే మీట మారుస్తుంది కాబట్టి, ఒక ఈక సన్నగా మొదలై నడిమిలో లావై మళ్లీ మొనదేలాలంటే మోకాలు, పెడల్ తొక్కే కాలు, రెండు చేతులు ఒకే తాళంలో నడవాలి. మృదంగం నేర్చుకునేవాళ్లకు కూడా మోకాలితో ఇంత పని ఉండదు.

మన దగ్గర చిత్రమైన మాటొకటి ఉంది. నాలుగు కర్రల చట్రానికి గుడ్డ బిగించి కొక్కెం సూదితో పూసలూ జరీ కుట్టే చేతిపనిని మగ్గం వర్క్ అంటాం. నేతగాళ్ల మగ్గానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఇప్పుడు బోర్డుల మీద కొత్తగా కంప్యూటర్ మగ్గం వచ్చింది. అంటే నేత లేని మగ్గానికి చేయి లేని నకలు! అక్కడ ఒకరు పంచింగ్ చేసిన, అంటే కంప్యూటర్ ఫైలుగా మార్చిన నెమలి పెన్‌డ్రైవులెక్కి ఊరూరా తిరుగుతుంది. ఒకే పెళ్లిలో నాలుగు వీపుల మీద అదే నెమలి అదే వైపు చూస్తుంటుంది. జాబ్‌వర్కు ధర వెయ్యి కుట్లకు ఇంత అని కడతారు. నెమలి మెడ వంపు బాగుందా లేదా అన్నదానికి ఆ లెక్కలో గడి లేదు. కంప్యూటర్‌తో నాకు పేచీ లేదు, నాలుగు ఇళ్లు గడుస్తున్నాయి. చేతిపనిలా కనబడితే చాలు, అదే గొప్ప అనుకునే మిషన్‌తోనే నా పేచీ. చేయి చేయలేనిదేదో మిషన్ చేసినప్పుడు కదా దానికి సొంత బతుకు వచ్చేది.

ఎంబ్రాయిడరీ యంత్రం పుట్టింది మాత్రం నకలు కోసమే. 1828లో ఫ్రాన్సులోని మ్యూలూజ్‌లో జోషువే హైల్మన్ చేతికుట్టును ఒకేసారి అనేక సూదులతో వేసే యంత్రం కట్టాడు. 1863లో స్విట్జర్లాండులో ఐజాక్ గ్రోబ్లి దానికి కుట్టుమిషన్‌లా రెండు దారాలు జోడించి షిఫ్లి యంత్రం తెచ్చాడు. షిఫ్లి అంటే వాళ్ల భాషలో చిన్న పడవ. లోపలి దారం మోసే షటిల్ ఆ ఆకారంలో ఉంటుంది, మన నేతగాళ్ల నాడె లాగే. అవి ఫ్యాక్టరీ కథలు. ఇంటి మిషన్ కథ వేరు. సింగర్ కంపెనీ ఎంబ్రాయిడరీ విభాగంలో పనిచేసిన డరొతీ బెన్సన్, ఇళ్లలో ఉండే మామూలు కుట్టుమిషన్‌తో ఎంత కళ సాధ్యమో చెప్పడానికే 1946లో ఒక పుస్తకం వేసింది. కంపెనీకి కావలసింది మిషన్లు అమ్ముడుపోవడం. ఆమె పుణ్యాన మిషన్ చిత్రకారుల చేతికి కూడా వెళ్లింది.

ఆ దారిలో ఇప్పటివాళ్లలో నాకు బాగా నచ్చింది ఇంగ్లండుకు చెందిన ఆలిస్ కెటిల్. 1961లో పుట్టింది. చదివింది చిత్రలేఖనం, ఆ తర్వాత లండన్ గోల్డ్‌స్మిత్స్‌లో వస్త్రకళ. ఆమె గుడ్డను వెనకవైపు నుంచి కుడుతుంది. సూదిలో పట్టని లావు దారాలను కింది బాబిన్‌కు చుడుతుంది. అవి ముందువైపు పడతాయి. కుడుతున్నంతసేపూ బొమ్మ ఆమెకు కనబడదు, తిరగేస్తేనే తెలుస్తుంది. వించెస్టర్‌లో ఒక ప్రజాగ్రంథాలయ భవనం కోసం 2007లో ఇలా చేసిన పని పొడవు దాదాపు 16 మీటర్లు. 2018లో మాంచెస్టర్‌లోని విట్‌వర్త్ గ్యాలరీలో పెట్టిన ప్రదర్శనకైతే శరణార్థులు గీసిచ్చిన బొమ్మలనే తన కుట్టులోకి తెచ్చుకుంది. ఈ పనిని చేత్తో చేయాలంటే ఒక జీవితం చాలదు. అలాగని కంప్యూటర్‌కు ఫైలు ఇచ్చి చేయించలేరు, ముందుగా ఫైలు చేయడానికి అక్కడ బొమ్మే ఉండదు కదా.

ఆమె బతుకుతెరువు సంగతి కూడా చెప్పాలి. ఆమె మాంచెస్టర్ మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలిగా పనిచేసింది. పాఠం చెప్పడం ఒక కాలు, ప్రభుత్వ భవనాలకూ సంస్థలకూ చేసిపెట్టే పెద్ద పనులు ఇంకో కాలు. "నీకు నచ్చింది చెయ్యి, డబ్బు అదే వస్తుంది" అని వేదికలెక్కి చెప్పేవాళ్లు ఈ భాగం మింగేస్తారు.

అంత చదువు లేకపోతే? పంజాబ్‌లోని పటియాలాలో అరుణ్ బజాజ్ ఉన్నాడు. తండ్రి దర్జీ. ఆయన పోవడంతో బడి మానేసి కొట్టు చూసుకోవలసి వచ్చిన కుర్రాడు. చిత్రకారుడు కావాలని కోరిక, చేతిలో ఉన్నది మిషన్. దాంతోనే దేవుళ్లనూ మనుషుల ముఖాలనూ కుట్టడం మొదలుపెట్టాడు. పత్రికలు అతన్ని నీడిల్ మ్యాన్ అన్నాయి. అక్కడ నేర్చుకోవలసింది ఆ బిరుదు కాదు. కొట్టు మూయకుండానే, ఎవరూ ఆర్డరివ్వని పనికి కూడా రోజులో కొంత సమయం తీసి పక్కన పెట్టాడు.

మన ఆడవాళ్లకు కష్టం అక్కడే, వాళ్ల పని గంటలను ఎవరూ లెక్కపెట్టరు. మా భీమవరానికి పక్కనే నరసాపురం. అక్కడి ఆడవాళ్ల లేసు అల్లిక మీద మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో రాసిన పుస్తకం ప్రపంచమంతా చదివారు, మనం తప్ప. ఆమె చూపించింది ఒకటే: విదేశాలకు ఎగుమతయ్యే సరుకును గంటల తరబడి అల్లుతున్నా, వాళ్లను అందరూ గృహిణులనే అన్నారు, పనిని ఖాళీ సమయం కాలక్షేపమన్నారు. కూలి కూడా ఆ మాటకు తగ్గట్టే కట్టారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ "వంటయ్యాక కూర్చునేదాన్ని" అన్న మా అక్క మాటలో ఆ పాత లెక్క ఇంకా అలాగే ఉంది.

ఆ పుంజును పట్టుకుని నేను కొంచెం తిరిగాను కూడా. ఒక చిత్రకళా ప్రదర్శనవాళ్లు "ఇది క్రాఫ్ట్ కిందికి వస్తుందండీ" అన్నారు. చేతివృత్తుల మేళావాళ్లు "ఇది మిషన్ కదండీ" అన్నారు. రెండు గుమ్మాల మధ్య ఎండలో నిలబడ్డాను. నిజానికి 2018లో జీఎస్టీ కోసం ప్రభుత్వం రాసుకున్న నిర్వచనం ప్రకారం, ప్రధానంగా చేత్తో చేసిన వస్తువైతే మధ్యలో పనిముట్లూ యంత్రాలూ వాడినా హస్తకళే. పన్నులవాళ్లకున్న పాటి విశాల హృదయం మేళా నిర్వాహకులకు లేకపోయింది.

ఫ్యాషన్ డిజైనింగ్ చదివిన ఒక అమ్మాయి ఈమధ్య నాకు రాసింది. మిషన్ ఎంబ్రాయిడరీనే కళగా పెట్టుకుని బతకొచ్చా అని, ఇంట్లో మాత్రం బొటిక్ పెట్టమంటున్నారని. బొటిక్ పెట్టమ్మా. పెళ్లిళ్ల సీజన్లో జాకెట్లు కుట్టు, అద్దె కట్టు, అందులో చిన్నతనమేమీ లేదు. కానీ వారంలో ఒక రోజు మిషన్ నీది. ఆ రోజు కేటలాగూ వద్దు, పెన్‌డ్రైవూ వద్దు. రోజూ బొమ్మ గీయి. గీత రానివాళ్ల చేతిలో పళ్లు దించిన మిషన్ పిచ్చిగీతలే గీస్తుంది. ఎన్ని గంటలు కూర్చున్నావో ఒక నోటుబుక్కులో రాసుకో, ధర చెప్పేటప్పుడు గొంతు వణకకుండా ఉంటుంది. నాయకుల ముఖాలు కుట్టి కానుకలిస్తే పేపర్లో ఫొటో పడుతుంది గానీ రెండో ఆర్డరు రాదు. చేసిన వాటిలో మంచివి కొన్ని అమ్మకుండా దగ్గరే ఉంచుకో, ఎవరైనా పని చూపించమంటే చూపించడానికి. ఎవరు అడిగినా మిషన్‌తోనే చేశానని ముందే చెప్పు. ఇక సంతకం మాత్రం మర్చిపోకు.

చదువరులకూ ఒక మాట. ఈసారి మీ వీధిలో ఎంబ్రాయిడరీ చేసే ఆమె దగ్గరికి వెళ్లినప్పుడు కేటలాగు అడగకండి. "మీ సొంత బొమ్మ ఏదైనా వేయండి" అని చెప్పి అడ్వాన్సు చేతిలో పెట్టండి.

పోయిన వారం అద్దం విప్పి పుంజును అక్క దగ్గరికి తీసుకెళ్లాను, ఒక మూలన తన పేరు కుట్టమని. చాలాసేపు ఆలోచించి, "ఇంటిపేరు పుట్టింటిది వెయ్యనా, అత్తింటిది వెయ్యనా?" అని అడిగింది. నీ ఇష్టమన్నాను. రెండూ వదిలేసి తన పేరు మూడక్షరాలూ ఎర్ర దారంతో కుట్టింది. పదకొండు నిమిషాలు పట్టింది. ఈసారి గడియారం చూశాను.